గ్రహణానికి ముందు బుధవారం

వికారాబాద్‌లో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ ఒకే చోట చాలాసేపు ఆగింది. రచనను ఒకసారి పక్కకు తిరగమంది, కాసేపు బయట నడిచి రమ్మంది, మళ్ళీ చూసింది. చివరకు "మొహం సరిగ్గా దొరకడం లేదమ్మా, హైదరాబాద్‌లో ఒకసారి చూపించండి" అని కాగితం రాసిచ్చింది. మొహం దొరకకపోతే కాగితం నిండా అంత రాయనక్కర లేదని నాకప్పుడే అనిపించింది.

ఆ బుధవారం హైదరాబాద్ వెళ్ళాం. నేను, నా కూతురు రచన, అల్లుడు మహిధర్. రచనకు అయిదో నెల. అక్కడి డాక్టరు అంతా చూశాక మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తెల్లకాగితం మీద ఒక పెదవి బొమ్మ గీశాడు. ఎడమ పక్కన పెదవి మీది నుంచి ముక్కుదాకా ఇంకో గీత గీశాడు.

"పెదవి ఇక్కడ అతుక్కోలేదు. లోపల అంగిలి కూడా చీలి ఉండొచ్చు, అది పుట్టాక చూస్తాం. గుండె, వెన్ను, మెదడు అన్నీ బాగున్నాయి. ఇది ఆపరేషన్లతో సరిచేయగలిగిందే."

రెండో నెల దాటేసరికే పెదవి అతుక్కుపోవాలట. ఎందుకు అతుక్కోలేదో చాలాసార్లు ఎవరూ చెప్పలేరట. మీ రెండిళ్ళలో ఎవరికైనా ఇలా ఉందా అని అడిగాడు. "లేదు సార్" అన్నాడు మహిధర్ వెంటనే. నేను మా పుట్టింటి వాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని గుర్తు చేసుకుని, లేదన్నాను.

దీనికి మన దగ్గర ఒక పేరుంది. గ్రహణం మొర్రి. తిరుగు ప్రయాణంలో కారులో ఉన్న ముగ్గురికీ ఆ పేరు తెలుసు. ఎవరమూ అనలేదు. మన్నెగూడ దాటాక మహిధర్ అద్దంలోంచి నా వైపు చూశాడు.

"అత్తమ్మా, మా అమ్మకు ఇప్పుడే చెప్పొద్దు."

"మరి ఎప్పుడు చెప్దామంటారు?"

"ఆదివారం గ్రహణముంది. ముందుగాల గదొక్కటి గడవనియ్యుండ్రి. అమ్మకు గ్రహణమంటె మస్తు పట్టింపు. ఇప్పుడు చెప్తే పరేషానయితది."

రచన కిటికీ వైపు తిరిగి ఉంది. "పుట్టినంక చూస్తది కద. చూడనీ" అంది.

పెళ్ళయిన రెండేళ్ళలో మా వియ్యపురాలు ఇంద్రమ్మ గారి మీద నా కూతురు నాకు చెప్పిన ఫిర్యాదు ఒక్కటీ లేదు. తాండూరులో వాళ్ళది బండల పాలిష్ ఫ్యాక్టరీ. ఆమె భర్త హనుమంతు అన్నయ్య, మహిధర్ దాని పని చూసుకుంటారు, ఇల్లంతా ఆమెది. మాట కరుకు. కోడలికి మాత్రం కంచంలో ముందు వడ్డించి తర్వాత తను తింటుంది. అలాంటి మనిషి దగ్గర ఇది దాచడం నాకు నచ్చలేదు. కానీ అడిగిన వాళ్ళు బిడ్డ తల్లిదండ్రులు. ఊరుకున్నాను.

ఆదివారం గ్రహణం పట్టింది. రచన తాండూరులోనే ఉంది. రెండు రోజుల తర్వాత ఫోన్‌లో ఆ సంగతి చెప్పింది. మూడున్నర గంటలసేపు ఇంద్రమ్మ గారు కోడల్ని వెల్లకిలా, సూటిగా పడుకోబెట్టారు. కాలు ముడవనివ్వలేదు, పక్కకు ఒత్తిగిలనివ్వలేదు. తను మంచం పక్కన కుర్చీ వేసుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, దేవుని పేరు చెప్పుకుంటూ కూర్చున్నారు.

"దాహమైతుందంటే 'ఇంకో గంట, జర ఓర్సుకో బిడ్డా' అనుకుంట నా అరికాళ్ళు ఒత్తిందమ్మా. నాకు తెలుసు, అప్పటికే అయిపోయిందని. ఆమెకు తెల్వదు. ఏడుపొచ్చింది. కదలకుంట ఏడ్వడం ఎట్లుంటదో తెలుసా నీకు? కన్నీళ్ళన్నీ చెవుల్లకు పోతయి."

"నడుము నొప్పి తగ్గిందా?" అని అడిగాను.

"అమ్మా, పుట్టినంక ఆమె నన్ను అడుగుతది. 'ఎప్పుడు కదిలినవ్?' అని. నోటితోని అడగదు. ఉన్నన్ని రోజులు కండ్లతోని అడుగుతది."

"అందుకే ఇప్పుడే చెప్పాలంటున్న."

"చెప్తే ఇప్పటిసంది అడుగుతది. గంతే ఫరక్. నువ్వు చెప్పనని నా మీద ఒట్టు పెట్టు."

పెట్టాను.

అక్టోబరులో హైదరాబాద్ ఆసుపత్రిలో ఒక నర్సమ్మ నాకు పాలు పట్టే పద్ధతి నేర్పింది. అంగిలి చీలి ఉంటే బిడ్డ పాలు చీకలేదు, నోట్లో పట్టు దొరకదు. తల్లి పాలు పిండి, చెమ్చాతోనో ముక్కు ఉన్న గిన్నెతోనో పట్టాలి. "మీ ఇళ్ళల్లో ఉగ్గుగిన్నె ఉంటుంది కదమ్మా, అదే సరిపోతుంది. కాకపోతే పడుకోబెట్టి పోయొద్దు. కూర్చోబెట్టినట్టు ఎత్తి పట్టుకుని, బుగ్గ లోపలి పక్కన కొద్దికొద్దిగా వదలాలి. మింగేదాకా ఆగాలి" అంది.

ఇంటికి వచ్చి అలమారలోంచి గిన్నె తీసి చింతపండుతో తోమాను. మందుసీసా మూతతో నీళ్ళు కొలిచి పోసుకుని, తువ్వాలు చుట్టి బిడ్డంత మూట చేసి, ఎడమ చేతి మీద నిలబెట్టుకుని రోజూ వంచి చూసుకునేదాన్ని. మొదటి వారం ధార ఆగేది కాదు, తువ్వాలంతా తడిసేది. తర్వాత చుక్కలు చుక్కలుగా వదలడం వచ్చింది. ఆరు మూతల నీళ్ళకు ఇరవై అయిదు నిమిషాలు పట్టేది. రోజుకు ఎనిమిదిసార్లు, ఒక్కోసారి ఇరవై అయిదు నిమిషాలు. ఒక మనిషి వల్ల కాదని అప్పుడు అర్థమైంది. రచన పాలు పిండుకోవాలి, నిద్రపోవాలి. నాకు వండాలి, ఉతకాలి. ఇంకో ఆడమనిషి కావాలి, బిడ్డ మొహంలోకి చూస్తూ ఇరవై అయిదు నిమిషాలు కూర్చోగలిగిన మనిషి.

నాకు ఎటు చూసినా ఆ మనిషి ఇంద్రమ్మ గారే. ఆమె ఆ మొహాన్ని మొదటిసారి ఆసుపత్రిలో, ఏమీ తెలియకుండా, చుట్టాల మధ్య నిలబడి చూస్తే ఏమవుతుందో అనే భయం ఆ రోజు నుంచి పట్టుకుంది. ఆ ఒక్క చూపు రచన చూస్తుంది. ఇక ఎన్నేళ్ళు కాపురం చేసినా మరిచిపోదు.

నవంబరు మొదట్లో పరీక్షల కోసం రచన వికారాబాద్‌లోని మా ఇంటికి వచ్చి పది రోజులు ఉంది. ఇంద్రమ్మ గారు ఫోన్ చేసి, పధ్నాలుగో తారీఖు శుక్రవారం శ్రీమంతం చేద్దామని, తాండూరులో వాడకట్టు వాడకట్టంతా పిలుస్తున్నానని చెప్పారు. గొంతులో సంబరం దాగలేదు. మరునాడు పొద్దున, శ్రీమంతం చీర చూసుకొస్తానని రచనకు చెప్పి, స్కానింగ్ రిపోర్టు సంచిలో పెట్టుకుని తాండూరు రైలెక్కాను. కూతురితో అబద్ధమాడాను, ఒట్టు తప్పాను. రెండూ తెలిసే చేశాను.

ఇంద్రమ్మ గారు వరండాలో నల్లబండల మీద చాప వేసుకుని అనపకాయలు వలుస్తున్నారు. నన్ను చూసి నవ్వారు.

"ఏం వదినా, ఫోన్ గిట్ల జెయ్యకుంట దిగబడ్డవ్? నా ఇల్లు ఊడ్సి ఉన్నదో లేదో చూద్దామని వచ్చినవా?"

"మీ ఇల్లు ఎప్పుడూ ఊడ్చే ఉంటది వదినా."

"ఆ, నువ్వు వచ్చినంక మూలలల్ల చూసే చూపు నాకెర్క లేదా! కూసో, చాయ పెడ్త."

చాయ తర్వాత అని, ఎదురుగా కూర్చుని ఒక పిడికెడు కాయలు తీసుకున్నాను. కొన్ని వలిచాక మొదలుపెట్టాను.

"వదినా, ఒక మాట చెప్పాలి. పిల్లలు చెప్పొద్దన్నారు. రచన ఒట్టు కూడా పెట్టించుకున్నది. అయినా మీకు తెలియాలని వచ్చిన."

ఆమె చేతులు ఆగాయి. డాక్టరు చెప్పింది చెప్పినట్టే చెప్పాను. ఎడమ పెదవి, అంగిలి సంగతి పుట్టాక, మిగతాదంతా బాగున్నది, ఆపరేషన్లు. ఎక్కువా తక్కువా చేయలేదు.

"గ్రహణం మొర్రి" అన్నారు ఆమె.

రెండు నెలల్లో ఆ పేరు ఒకరి నోటి నుంచి వినడం అదే మొదటిసారి.

"కదిలిందా?" ఆమె గొంతు తగ్గిపోయింది. "నేను రెప్ప వాల్చలె వదినా. దేవుని మీద ఆన. ఆ పిల్ల గూడ కదలలె. నా కండ్ల ముంగట్నే ఉండె. మల్ల ఎప్పుడు కదిలింది?"

"కదలలేదు వదినా. అప్పటికే ఉన్నది. పెదవి రెండో నెలలోనే తయారైపోతదట. స్కానింగ్ అయింది గ్రహణానికి ముందు బుధవారం."

"తారీఖు చూపియ్యి."

రిపోర్టు తీసి చూపించాను. చీరకొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని ఆ అంకెల మీద వేలు పెట్టి చదివారు. మూడో తారీఖు. గ్రహణం ఏడో తారీఖు. రెండుసార్లు చదివారు.

"అంటే ఆ పొద్దు ఆ పిల్లకు ఎర్కనే."

"ఎర్కే."

"నీళ్ళడిగింది. ఇయ్యలె నేను. అన్నీ ఎర్కుండి గట్లనే పండుకున్నదా?"

"మీరు బాధపడతారని."

"నా కొడుక్కెర్క, నీకెర్క. నేను ఉపాసముండి దేవునికి మొక్కుకుంట కూసుంటి. నన్ను ఎడ్డిదాన్ని చేసిన్రు ముగ్గురు గలిసి."

"నలుగురం" అన్నాను. "మా ఆయనకు కూడా తెలుసు."

ఆ సమయంలో ఆ లెక్క ఎందుకు సరిచేశానో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆమె రిపోర్టు మడతపెట్టి నా ఒళ్ళో పెట్టారు.

"ఎల్లు వదినా. మూడింటికి రైలున్నది."

చాయ అడగలేదు. బొట్టు పెట్టలేదు. ఆ గడప నుంచి బొట్టు లేకుండా నేను బయటికి రావడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం రచనకు నిజం చెప్పాను. ఎక్కడికి వెళ్ళానో, ఏం చెప్పానో, ఆమె ఏమన్నారో అన్నీ. దాని మొహం ఎర్రబడింది.

"నీకు అన్నీ సక్కగ ఉండాలె కద! పోపుడబ్బాల ఆవాలు ఏ గిన్నెల ఉండాలెనో గా గిన్నెలనే ఉండాలె. నా సంసారం గూడ గట్లనే సర్దుదామని పోయినవా?"

"నువ్వు ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు ఆమె మొహం..."

"నా ఒట్టు తప్పినవ్. గంతే. ఇంకేం చెప్పకు."

రెండు రోజులు నాతో అన్నం పెట్టమని కూడా అనలేదు. తనే పెట్టుకుని తింది. మూడో రోజు మహిధర్ ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ ఎవరితో మాట్లాడడం లేదట. పొద్దున్నే బషీరాబాద్ బస్సెక్కి తల్లిగారింటికి వెళ్ళిపోయిందట.

"అక్కడ ఎవరున్నారు?" అన్నాను.

"ఎవరున్నరు అత్తమ్మా, మా రుక్కమ్మ అమ్మమ్మ ఒక్కతుంటది, మా అమ్మకు చిన్నమ్మ. ఎనబై దాటినయ్. చెవులు సక్కగ ఇనబడవ్. ఆమె తోని ఏం మాట్లాడుతదో! శ్రీమంతం ఉన్నట్టా లేనట్టా, వాడకట్టోళ్ళు అడుగుతున్నరు."

ఆ పూట తువ్వాలు మూట ఎత్తుకోబుద్ధి కాలేదు. ఎవరూ చూడడానికి రాని ఇంట్లో నేనొక్కదాన్నే గిన్నె పట్టుకుని తిరుగుతున్నట్టు అనిపించింది.

మర్నాడు పదకొండు గంటలప్పుడు గేటు చప్పుడైంది. ఇంద్రమ్మ గారు. బషీరాబాద్ నుంచి తాండూరు వెళ్ళకుండా, ఇంట్లో చెప్పకుండా, నేరుగా వికారాబాద్ వచ్చారు. చీర అంచు దుమ్ముతో తెల్లబడి ఉంది. రచన హాల్లో దివాన్ మీద కూర్చుని ఉంది, లేవబోయింది.

"కూసో. నువ్వేం లేవకు" అన్నారు ఆమె. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని వచ్చి, కింద బండల మీదే కూర్చున్నారు. నీళ్ళిచ్చాను. తాగకుండా పక్కన పెట్టుకున్నారు.

"వదినా, నువ్వు చదువుకున్నదానివి. ఒక లెక్క చెప్పు. శివరాత్రి పోయినంక వచ్చిన అమాసకు గ్రహణం. ఉగాది పోయి నెల దాటినంక పిల్లగాడు పుట్టిండు. గ్రహణం నాటికి కడుపుల ఎన్నో నెల?"

"ఏ గ్రహణం వదినా?"

"నాకు పదకొండేండ్లప్పటిది. పట్టపగలు చీకటైన గ్రహణం. కోళ్ళు గూట్లకు పోయినయ్." ఆమె రచన వైపు చూడకుండా, నా వైపు చూడకుండా, నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ చెప్పారు. "మా అమ్మ భీమమ్మ కడుపుతోని ఉండె. అందరం లోపట కూసున్నం. పొద్దటిసంది మేత లేక బర్రె ఒకటే ఒర్రుతుంది. కట్టేసిన గుంజ పీకేటట్టున్నది. మా అమ్మ ఓర్సుకోలేక బయటికి పోయి, కొడవలి తీసుకొని ఇంత చొప్ప కోసి ఏసింది. నేను తలుపు సందులకెల్లి చూసిన. నేనొక్కదాన్నే చూసిన."

రచన దివాన్ మీద నుంచి కొంచెం ముందుకు జరిగింది.

"పిల్లగాడు పుట్టిండు. పెదవి ముక్కుదాక చీలి ఉండె. మా నాయనమ్మ నన్ను అర్రలకు పిలిచి అడిగింది, ఆ నాడు మీయమ్మ ఏం జేసిందే అని. కొడవలి పట్టింది అన్న. నాకేమెర్క? చూసింది చెప్పిన."

నీళ్ళ గ్లాసును కొంచెం పక్కకు జరిపారు.

"పాలు ముక్కులకెల్లి వచ్చేటివి. ఒత్తి ముంచి పెట్టిన్రు, దూదితోని పిండిన్రు. పండుకోబెట్టి పోస్తే గుక్క తిరుగకపోయేది. తొమ్మిదో నాడు పోయిండు. పేరు గూడ పెట్టలె. ఇగ మా అమ్మను ఊర్ల ఎవ్వరు శ్రీమంతానికి పిలువలె. ఒక్కరన్న పిలువలె. నా శ్రీమంతం నాడు సుత ఆమె నాకు గాజులు ఎయ్యలె, ఎనక అర్రల కూసున్నది. నేనే... నేను గూడ రమ్మనలె."

బయట కూరగాయల బండివాడు మైకులో టమాటాలని పిలుస్తూ వెళ్ళిపోయాడు.

"పిల్లగాడు ఏ నెలల పుట్టిండో నాకు మర్లిపోయింది. నువ్వు రెండో నెల ముచ్చట చెప్పిన కాడ్నుంచి నాకు నిద్ర లేదు. అందుకే పోయి రుక్కమ్మను అడిగొచ్చిన. ఒర్రి ఒర్రి అడిగిన. ఉగాది పోయి నెల దాటినంక, ఎండలల్ల అన్నది. తొమ్మిది నెలలు నిండినంకనే పుట్టిండన్నది. చెప్పు వదినా, ఎన్నో నెల?"

నేను నోరు తెరిచేలోగా ఆమె వేళ్ళ కణుపుల మీద తనే లెక్క మొదలుపెట్టారు. వెనక నుంచి ముందుకు ఒకసారి, ముందు నుంచి వెనక్కు ఒకసారి. బొటనవేలు ఒకే చోట ఆగింది.

"ఏడో నెల" అన్నారు.

"అవును వదినా. ఏడో నెల అయ్యుంటది."

"అంటె మా అమ్మ కొడవలి పట్టిన నాటికి పెదవి ముచ్చట అయిపోయి ఐదు నెల్లాయె."

"అయిపోయే ఉంటది."

ఆమె ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. గ్లాసెడు నీళ్ళూ ఒక్క గుక్కలో తాగి, ఖాళీ గ్లాసును రచన వైపు తిప్పి చూపించారు.

"ఆ పొద్దు నువ్వు నీళ్ళడిగితివి. నేనియ్యకపోతి."

"ఫర్వాలే అత్తమ్మా."

"ఫర్వాలేదెట్లయితది? ఎర్కుండి ఎట్ల పండుకున్నవే నువ్వు? నన్ను ఒక్క మాటంటే అయిపోవు కద!"

"మీరు నా కాళ్ళొత్తుతున్నరు. ఎట్ల అనాలె?" అంది రచన. "మీరు నన్ను అనుమానపడతరని భయమైంది."

"పడుదును" అన్నారు ఇంద్రమ్మ గారు. "చెప్పకపోతే తప్పకుంట పడుదును. నాకు నా సంగతి ఎర్క."

ఆ మాటకు రచన ఒకసారి నా వైపు చూసింది. ఒట్టు తప్పినందుకు అది నన్ను క్షమించిందని అనను. కానీ మధ్యాహ్నం అన్నాల దగ్గర నాకు నెయ్యి గిన్నె అందించింది.

భోజనాలయ్యాక ఇంద్రమ్మ గారు వంటింటి గట్టు మీద ఉన్న ఉగ్గుగిన్నె, తువ్వాలు మూట చూసి ఏమిటని అడిగారు. ఎత్తి పట్టుకుని, ధార ఆపి, చుక్కలు వదిలి చూపించాను. ఆమె రెప్పవేయకుండా చూశారు.

"గింతేనా? ఎత్తి కూసోబెట్టి పడితె లోపటికి పోతయా?"

"పోతయి. టైం పడతది. ఒక్కోసారికి దగ్గర దగ్గర అరగంట."

"మా వాళ్ళు పండుకోబెట్టి పోసిన్రు" అన్నారు. ఇంకోసారి అదే మాట అన్నారు. తర్వాత చేయి చాచారు. "ఇటియ్యి, నేను పడ్త." మొదటిసారి నాలాగే తువ్వాలంతా తడిపారు. "నవ్వకు వదినా, నీ అంత పనిమంతురాలిని కాను" అన్నారు. నేను నవ్వలేదు. మూడోసారికి ధార తగ్గింది.

"వదినా, ఇంట్లో ఎవరికన్నా ఉన్నదా అని డాక్టరు అడిగిండు. లేదని చెప్పి వచ్చినం. మీ తమ్ముని సంగతి ఆయనకు చెప్పాలి" అన్నాను.

"అంటె మా దిక్కుకెల్లి వచ్చిందా?"

"వచ్చి ఉండొచ్చు, కాకపోవచ్చు. ఆయన చెప్తాడు."

"చెప్పుండ్రి. పేరు లేదు వానికి, పేరు లేకుంటనే చెప్పుండ్రి." లేచి కొంగు దులుపుకున్నారు. "కానీ వదినా, గ్రహణం పట్టింపులు మాత్రం నేను ఇడువ. గా ముచ్చట వేరే. మల్ల గ్రహణమొస్తే మల్ల పండుకోబెడ్త."

"నీళ్ళిస్తరా?" అంది రచన.

"చూస్త" అన్నారు ఆమె.

శుక్రవారం తాండూరులో శ్రీమంతం జరిగింది. హాల్లో, వరండాలో కలిపి ముప్పై మంది దాకా ఆడవాళ్ళు. రచనను కుర్చీలో తూర్పు ముఖంగా కూర్చోబెట్టారు. పసుపు, గంధం, పళ్ళేల్లో గాజులు, పూలు, అయిదు రకాల అన్నాలు. వరుసలో ముందు కూర్చున్నది వాడకట్టులో పెద్దది మొగులమ్మ. శ్రీమంతాలకూ పేరంటాలకూ ఆమె లేకుండా అక్కడ పని జరగదు. గాజుల పళ్ళెం చేతిలోకి తీసుకోబోతూ ఆమె రచనను ఎగాదిగా చూసింది.

"మంచిగనే ఉన్నది కోడలు. మొన్నటి గ్రహణం మంచిగ పట్టిచ్చినవా ఇంద్రమ్మా?"

అది మామూలుగా అడిగే మాటే. ఎవరైనా అడుగుతారు. రచన వేళ్ళు ఒళ్ళో బిగుసుకోవడం నాకు కనిపించింది.

"పట్టిచ్చిన. పక్కల కూసొని పట్టిచ్చిన. ఈ పిల్ల ఇసుమంత కదలలె" అన్నారు ఇంద్రమ్మ గారు. గాజుల పళ్ళేన్ని మొగులమ్మకు ఇవ్వకుండా తన చేతిలోనే ఉంచుకున్నారు. "మీ అందరికి ఒక మాట చెప్పాలె. మల్ల ఒకరెన్క ఒకరు వచ్చి అడిగితె నాకు చెప్పొస్తది రాదు, ఇప్పుడే ఇనుండ్రి. మా మనుమడో మనుమరాలో, పెదవి చీలి పుడ్తది. డాక్టరు గ్రహణం కంటె ముందుగాలనే చెప్పిండు, బుధవారం నాడు. కాయిదం మీద తారీఖున్నది, కావాలంటే చూసుకోండ్రి. నా కోడలు ఏ తప్పు చెయ్యలె. పుట్టినంక దాన్ని ఎవరన్న ఒక్క మాటంటే, నన్ను అన్నట్టు."

పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న వాళ్ళు పిల్లల్ని కదలనివ్వలేదు. మహిధర్ గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. వాళ్ళమ్మ ఇలా చెప్పబోతున్నట్టు అతనికీ తెలియదని అతని మొహం చూస్తేనే తెలిసింది. మొగులమ్మ బుగ్గన చేయి పెట్టుకుంది.

"అయ్యో, గదేం మాట ఇంద్రమ్మా! పుట్టకముందే శుభమా అని కూసున్న కాడ నోట్ల కెల్లి గట్లాంటి మాట తీస్తరా ఎవరన్న?"

"పుట్టినంక మీరు తీస్తరు గదా మొగులక్కా. అందుకే నేనే ముంగట తీసిన."

వెనక ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నారు. మొగులమ్మకు కోపం వచ్చింది. లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. వెళ్ళలేదు. కానీ గాజులకు చేయి కూడా చాచలేదు. పళ్ళెం ఇంద్రమ్మ గారి చేతిలోనే ఉండిపోయింది. క్షణం గడిచేకొద్దీ ఆ పళ్ళెం బరువు నా చేతుల్లో ఉన్నట్టుగా ఉంది. మొదటి గాజు ఎవరు తొడుగుతారు? ఎవరూ ముందుకు రాకపోతే?

రెండో వరుసలోంచి సత్యమ్మ లేచి వచ్చింది. పక్కింటావిడ, అంగన్‌వాడీలో పని చేస్తుంది. పళ్ళెంలోంచి రెండు ఆకుపచ్చ గాజులు తీసి రచన చేయి పట్టుకుంది.

"మా సెంటర్ల ఒక పిల్లకు ఉండె గట్లనే. ఇప్పుడు బడికి పోతుంది, చిన్న గీత తప్ప ఏం కనవడదు" అంటూ గాజులు తొడిగింది. "నీకు ఆపరేషన్ ఎప్పుడు చేస్తమన్నరమ్మా? పాలెట్ల పడ్తవ్?"

రచన నా వైపు చూడలేదు. భర్త వైపూ చూడలేదు. గొంతు సవరించుకుంది. డాక్టరు గీసిన ఆ బొమ్మ గురించి అది బయటివాళ్ళతో మాట్లాడడం అదే మొదలు.

"పెదవికి మూడు నాలుగు నెలలకు చేస్తరట. అంగిలి గూడ చీలి ఉంటే ఏడాది లోపల ఇంకొకటి. అప్పటిదాక పాలు చీకరాదు, గిన్నెతోని పట్టాలె. కూసోబెట్టి పట్టాలె, పండుకోబెట్టి పట్టొద్దు..."

మాట మధ్యలో సన్నబడిపోయింది. తల దించుకుంటోంది.

"గట్టిగ చెప్పు బిడ్డా" అన్నారు ఇంద్రమ్మ గారు, పళ్ళెం పక్కామెకు అందిస్తూ. "ఎనక కూసున్నోళ్ళకు ఇనవడ్తలేదు."